మందు మంచిదే, మెదడులో చిరునామా చేరిందా?

2021లో మీ ఇంట్లో పెద్దవాళ్లు చాలామంది కోవిషీల్డ్ టీకా వేయించుకుని ఉంటారు. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్‌లో తయారైన ఆ టీకాలో ఉన్నది ఏమిటో తెలుసా? ఒక వైరస్సే. చింపాంజీల్లో ఉండే ఎడినోవైరస్‌ను తీసుకుని, మన ఒంట్లో అది సంఖ్య పెంచుకోకుండా దాని జన్యువుల్లో కొంత భాగాన్ని కత్తిరించారు. కరోనా వైరస్‌కు చెందిన ఒకే ఒక్క జన్యువును, అంటే స్పైక్ ప్రోటీన్ తయారీ సూచనను, దానిలో పెట్టారు. సూది వేశాక ఆ వైరస్ భుజంలోని కణాల్లోకి వెళ్లి ఆ సూచనను అప్పగించింది. దాని పని అంతటితో సరి.

ఇలా జన్యువును మోసుకెళ్లడానికి మలచిన వైరస్‌ను వైరల్ వెక్టర్ అంటారు. తెలుగులో వాహకం అనుకుందాం. మలేరియాకు ఆడ ఎనాఫిలిస్ దోమ వాహకం అని సైన్స్ పాఠంలో చదివారు కదా, ఆ మాటే ఇది. దోమ మోసేది జబ్బును. ఈ వాహకం మోసేది మనం ఎక్కించిన సరుకును.

ఇదే పద్ధతితో అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బును అర్థం చేసుకోవాలని, వీలైతే ఆపాలని పరిశోధకులు పాతికేళ్లుగా ప్రయత్నిస్తున్నారు. ముందే చెప్పేస్తాను. అల్జీమర్స్‌కు ఆమోదం పొందిన జన్యు చికిత్స ఇంతవరకు ఒక్కటి కూడా లేదు. అయినా ఈ ప్రయత్నాల కథ తెలిసి ఉండటం మంచిది. 'మతిమరుపుకు జన్యు చికిత్స వచ్చేసింది' అనే వార్త ఏదో ఒక రోజు మీ ఇంట్లో ఫోన్‌కు వస్తుంది. అవ్వో తాతో ఆ జబ్బుతో ఉంటే, నమ్మాలా వద్దా అని పెద్దవాళ్లు సైన్స్ చదువుతున్న మిమ్మల్నే అడుగుతారు. అప్పుడు ఏమేం చూడాలో ఈ కథ చెబుతుంది.

మెదడులో జరిగేదేమిటి?

1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఒక ఆసుపత్రికి అగస్టే డేటర్ అనే 51 ఏళ్ల మహిళను తీసుకొచ్చారు. పేరు రాయమంటే మధ్యలోనే మరిచిపోయేవారు. ఆమెను పరీక్షించిన డాక్టరు అలోయిస్ అల్జీమర్. 1906 ఏప్రిల్‌లో ఆమె చనిపోయాక ఆయన ఆ మెదడును తెప్పించుకుని, పలుచటి పొరలుగా కోసి, రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూశారు. రెండు తేడాలు కనిపించాయి. నాడీకణాల బయట ఉండలు, నాడీకణాల లోపల దారపు చిక్కుల్లాంటివి. అదే ఏడాది నవంబరులో ట్యూబింగెన్ పట్టణంలో జరిగిన వైద్యుల సభలో ఈ సంగతి చెప్పారు.

బయటి ఉండల్లో ఉన్నది అమైలాయిడ్ బీటా అనే ప్రోటీన్ ముక్క అని తర్వాత తేలింది. లోపలి చిక్కుల్లో ఉన్నది టౌ అనే ప్రోటీన్. నాడీకణంలో సరుకులు ప్రయాణించే సన్నని గొట్టాలకు టౌ ఊతంగా ఉంటుంది. జబ్బులో అది ఆ గొట్టాలను వదిలేసి తనలో తానే చుట్టుకుపోతుంది. జ్ఞాపకాలతో ముడిపడిన భాగాల్లో కణాలు మెల్లమెల్లగా చనిపోతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం డిమెన్షియాతో జీవిస్తున్నవాళ్లు ప్రపంచంలో 5.5 కోట్ల మందికి పైగా ఉన్నారు. వాళ్లలో 60 నుంచి 70 శాతం మందికి మూలం అల్జీమర్స్. మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన ఒక జాతీయస్థాయి అధ్యయనం అంచనా వేసింది.

ఇంత పెద్ద సమస్యకు మందు పంపడం ఎందుకు కష్టం? మెదడులోని రక్తనాళాల గోడ కణాలు ఒకదానికొకటి సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. రక్తంలోని విషాలు, క్రిములు మెదడును చేరకుండా ఈ గోడ కాపలా కాస్తుంది. ఆ కాపలాయే మందులకూ అడ్డు. ముఖ్యంగా ప్రోటీన్ల లాంటి పెద్ద అణువులు దీన్ని సులభంగా దాటలేవు. అందుకే పరిశోధకులకు ఒక ఆలోచన వచ్చింది. మేలు చేసే ప్రోటీన్‌ను బయటి నుంచి రోజూ పంపే బదులు, దాని తయారీ సూచనను ఒక్కసారి మెదడు కణానికే ఇచ్చేస్తే ఎలా ఉంటుంది? నాడీకణాలు మామూలుగా విభజన చెందవు. కాబట్టి లోపలికి చేరిన సూచన ఏళ్ల తరబడి చెరగకుండా ఉండగలదు.

ట్రాలీ ఆటోలో లారీ సరుకు ఎక్కదు

ఈ పాఠం చెప్పినప్పుడు తరగతిలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "వైరస్ జబ్బు తెచ్చేది కదా టీచర్, అది నయం ఎలా చేస్తుంది?" మంచి ప్రశ్నే. వైరస్‌కు సొంతంగా వంటిల్లు లేదు. ఏదో ఒక కణంలో దూరి, తన జన్యువులను ఆ కణంతోనే చదివించుకుని, తనలాంటి వైరస్‌లను వండించుకుంటుంది. కణంలో దూరే నేర్పు దాని పైతొడుగులో ఉంటుంది. జబ్బు తెచ్చే గుణం ఎక్కువగా లోపలి జన్యువుల్లో ఉంటుంది. పైతొడుగును ఉంచి, లోపలి జన్యువులను తీసేసి, మనకు కావలసిన జన్యువును నింపితే అది వాహకమవుతుంది. జన్యువుతోపాటు ఒక స్విచ్ కూడా పెడతారు. ఏ రకం కణంలో ఆ జన్యువు పనిచేయాలో ఆ స్విచ్ నిర్ణయిస్తుంది.

వాహకాల్లో చాలా రకాలున్నాయి. హెచ్‌ఐవీ నుంచి మలచిన లెంటీవైరస్ వాహకం తన సరుకును కణం డీఎన్‌ఏలోనే అతికిస్తుంది. ఎడినోవైరస్ పెద్ద సరుకు మోయగలదు, అయితే మన రోగనిరోధక వ్యవస్థను గట్టిగా రెచ్చగొడుతుంది. మెదడు పరిశోధనలో ఎక్కువగా వాడేది ఎడినో అసోసియేటెడ్ వైరస్‌ను. పొడి అక్షరాల్లో ఏఏవీ. 1965లో ఎడినోవైరస్ నమూనాల్లో అనుకోకుండా కనిపించింది. మరో వైరస్ తోడు లేనిదే ఇది సంఖ్య పెంచుకోలేదు. మనుషుల్లో ఇది ఏ జబ్బు తెస్తుందో స్పష్టంగా రుజువు కాలేదు కాబట్టి పరిశోధకులు దీన్ని ఎంచుకున్నారు.

ఏఏవీ వ్యాసం దాదాపు 25 నానోమీటర్లు. అంటే మిల్లీమీటరులో 40 వేలో వంతు. ఇంత చిన్న పెట్టెలో పట్టేది సుమారు 4,700 డీఎన్‌ఏ అక్షరాలు మాత్రమే. ట్రాలీ ఆటోలో లారీ సరుకు ఎక్కదు కదా. పెద్ద జన్యువులకు ఇందులో చోటు లేదు.

వాహకం ఎంత నెమ్మదైనదైనా ప్రమాదం లేకపోలేదు. 1999లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కాలేయ జబ్బుకు జరిగిన ఒక ప్రయోగంలో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ల యువకుడు చనిపోయాడు. అక్కడ వాడింది ఎడినోవైరస్ వాహకం. అతని శరీరం దాని మీద విపరీతంగా స్పందించింది. ఆ తర్వాతే జన్యు చికిత్స ప్రయోగాలపై నిబంధనలు, నిఘా గట్టిపడ్డాయి.

వెలుతురు వేస్తే గుర్తొచ్చింది

చికిత్స సంగతికి ముందు, జబ్బును అర్థం చేసుకోవడంలో వాహకాలు చేసిన రెండు పనులు చూద్దాం. రెండూ ఎలుకల్లో జరిగినవే.

మొదటిది 2016లో అమెరికాలోని ఎంఐటీలో సుసుము తొనెగావా ప్రయోగశాల నుంచి వచ్చింది. పరిశోధకుల్లో ముందున్న పేరు ధీరజ్ రాయ్. జన్యుమార్పుతో అల్జీమర్స్ లక్షణాలు తెప్పించిన ఎలుకలను ఒక పెట్టెలో ఉంచి కాళ్లకు స్వల్పంగా షాక్ ఇచ్చారు. మర్నాడు అదే పెట్టెలో పెడితే మామూలు ఎలుకలు భయంతో కదలకుండా నిలబడిపోయాయి. జబ్బున్న ఎలుకలు ఏమీ జరగనట్టు తిరిగాయి. వాటికి నిన్నటి సంగతి గుర్తులేదు.

అయితే పరిశోధకులు ముందుగానే ఒక ఏర్పాటు చేసి ఉంచారు. మీ పాఠంలో క్లామిడోమోనాస్ అనే ఆకుపచ్చ శైవలం పేరు విన్నారు కదా. దానిలో వెలుతురు తగిలితే పనిచేసే ఒక ప్రోటీన్ ఉంది. ఆ ప్రోటీన్ జన్యువును ఏఏవీ ద్వారా ఎలుక మెదడులో హిప్పోకాంపస్ అనే జ్ఞాపకాల భాగానికి పంపారు. షాక్ జ్ఞాపకం ఏర్పడిన వేళ పనిచేసిన కణాల్లో మాత్రమే ఆ జన్యువు మేల్కొనేలా స్విచ్ పెట్టారు. తర్వాత ఆ కణాలపై నీలి వెలుతురు వేశారు. అంతకుముందు ఏమీ గుర్తులేని ఎలుకలు వెంటనే కదలకుండా నిలబడిపోయాయి.

దీని అర్థం ఏమిటి? కనీసం ఆ ఎలుకల్లో, జబ్బు తొలిదశలో, జ్ఞాపకం చెరిగిపోలేదు. దాన్ని బయటికి తీసే దారి మూసుకుపోయింది. బీరువాలో చీర ఉంది, తాళంచెవి కనిపించడం లేదు అన్నట్టు. మనుషుల మెదడులో వెలుతురు వేసి ఇలా చేయడం ఇప్పట్లో కుదిరే పని కాదు. కానీ జబ్బు మొదట్లో వెతకాల్సింది ఎక్కడో ఈ ప్రయోగం చూపించింది.

రెండో ప్రయోగం 2019లో వెలువడింది. టౌ ప్రోటీన్ ఒక కణం నుంచి పక్క కణానికి పాకుతుందా అన్నది ప్రశ్న. పరిశోధకులు ఒకే ఏఏవీలో రెండు సూచనలు కలిపి పెట్టారు. ఒకటి ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్, రెండోది మనిషి టౌ. వైరస్ చేరిన కణం రెండింటినీ విడివిడిగా తయారు చేస్తుంది. మెరిసే ప్రోటీన్ తయారైన కణంలోనే ఉండిపోతుంది. ఇక సూక్ష్మదర్శినిలో చూడటమే. ఒక కణంలో మెరుపూ టౌ రెండూ ఉంటే, అది స్వయంగా తయారు చేసుకున్నది. మెరుపు లేకుండా టౌ మాత్రమే ఉంటే, అది పక్కింటి నుంచి వచ్చిందన్నమాట. అలాంటి కణాలు దొరికాయి. ముసలి ఎలుకల్లో అవి ఎక్కువగా దొరికాయి. వయసు పెరిగేకొద్దీ జబ్బు ఎందుకు విస్తరిస్తుందో చెప్పే దారిలో అదొక ఆధారం.

ఒక్క మిల్లీమీటరు దూరం

ఇప్పుడు మనుషుల్లో జరిగిన అసలు ప్రయత్నం. ఈ వ్యాసానికి ముఖ్యమైన కథ ఇదే.

నాడీకణాలు బతికి, పెరగడానికి తోడ్పడే ఒక ప్రోటీన్ ఉంది. పేరు నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్, పొడి అక్షరాల్లో ఎన్‌జీఎఫ్. దీన్ని కనుగొన్న పనికే రీటా లెవీ మోంటల్చీని, స్టాన్లీ కోహెన్ 1986లో నోబెల్ బహుమతి అందుకున్నారు. మెదడు ముందు అడుగు భాగంలో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని తయారు చేసే కణాలున్నాయి. వీటికి ఎన్‌జీఎఫ్ ఆధారం. అల్జీమర్స్‌లో ఈ కణాలు బాగా దెబ్బతింటాయి. ఇప్పుడు డాక్టర్లు రాసే డోనెపెజిల్ మాత్ర ఆ రసాయనం త్వరగా విరిగిపోకుండా చూస్తుంది. కణాలు చనిపోవడాన్ని మాత్రం అది ఆపలేదు. మరి ఎన్‌జీఎఫ్‌నే ఇస్తే?

ఎన్‌జీఎఫ్ రక్తం నుంచి మెదడుకు దాటలేదు. 1990లలో స్వీడన్‌లో ముగ్గురు రోగులకు మెదడులోని ద్రవంలోకి గొట్టం ద్వారా ఎక్కించి చూశారు. అది కావలసినచోటే కాక అంతటా పారింది. నొప్పులు వచ్చాయి, బరువు తగ్గారు. దాంతో ఆపాల్సి వచ్చింది. అవసరమైన చోట మాత్రమే తయారయ్యేలా చేయాలని అప్పుడు అర్థమైంది.

2001లో అమెరికాలోని శాన్ డియేగోలో మార్క్ టుషిన్‌స్కీ బృందం ఆ పని మొదలుపెట్టింది. రోగి చర్మం నుంచి కణాలు తీసి, వైరస్ వాహకంతో వాటిలో ఎన్‌జీఎఫ్ జన్యువు పెట్టి, ఆ కణాలను రోగి మెదడులో నాటారు. మొత్తం ఎనిమిది మంది. మత్తు పూర్తిగా ఇవ్వకుండా చేసిన తొలి శస్త్రచికిత్సల్లో ఇద్దరు హఠాత్తుగా కదలడంతో మెదడులో రక్తస్రావమైంది. వాళ్లలో ఒకరు కొన్ని వారాలకు చనిపోయారు. ఆ తర్వాతివారికి పూర్తి మత్తు ఇచ్చి చేశారు. మిగిలినవారిలో జబ్బు నెమ్మదించినట్టు కొన్ని సూచనలు కనిపించాయి. కానీ పోల్చడానికి చికిత్స పొందని బృందం లేదు. కాబట్టి గట్టిగా ఏమీ చెప్పలేని స్థితి.

తర్వాత చర్మకణాలు మాని, ఎన్‌జీఎఫ్ జన్యువున్న ఏఏవీని నేరుగా మెదడులోకి సూదితో ఇచ్చారు. ఈసారి పరీక్ష పద్ధతిగా జరిగింది. 49 మంది రోగులను రెండు బృందాలు చేశారు. ఒక బృందానికి అసలు చికిత్స. రెండో బృందానికి శస్త్రచికిత్స జరిగినట్టే అన్నీ చేసి, మెదడులోకి మాత్రం ఏమీ పంపలేదు. ఎవరికి ఏది జరిగిందో రోగులకు తెలియదు. రెండేళ్లు గమనించారు. 2018లో ఫలితం వెలువడింది. చికిత్స వల్ల హాని కనిపించలేదు, జ్ఞాపకశక్తిలో మేలూ కనిపించలేదు.

ఇక్కడితో ఆగితే మనం రాసుకునే మాట ఒకటే. 'ఎన్‌జీఎఫ్ పనిచేయదు.' చాలామంది అలాగే అనుకున్నారు కూడా. కానీ చికిత్స పొందినవారిలో కొందరు చనిపోయాక వారి మెదడు పరిశోధనకు అందింది. 2020లో ఆ పరీక్షల వివరాలు ప్రచురించారు. సూది వేసిన చోట ఎన్‌జీఎఫ్ కనీసం ఏడేళ్ల తర్వాత కూడా తయారవుతూనే ఉంది. అంటే వాహకం సరుకు దించింది, కణం ఆ సూచనను చదివింది. అయితే అది సూది మొన నుంచి వ్యాపించిన దూరం సగటున 0.96 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు కూడా కాదు. పరిశీలించిన 15 సూది స్థానాల్లో ఒక్కచోట కూడా అది చేరాల్సిన కణాలను నేరుగా చేరలేదు. కొన్నిచోట్ల సూది గురి తప్పింది. మిగతాచోట్ల వ్యాప్తి చాలలేదు.

ఉత్తరం రాశారు, స్టాంపు అంటించారు, పోస్ట్‌మన్ పక్క వీధిలో ఇచ్చి వెళ్లిపోయాడు. జవాబు రాలేదని రాసినవాణ్ని తప్పుపట్టగలమా? ఆ ప్రయోగం వల్ల ఎన్‌జీఎఫ్ మంచిదని రుజువు కాలేదు, పనికిరాదనీ రుజువు కాలేదు. అసలు పరీక్షే జరగలేదన్నమాట. ఈ సంగతి బయటపడింది మెదడును పరిశోధనకు ఇచ్చిన ఆ కుటుంబాల వల్ల. లేకపోతే ఒక దారిని చూడకుండానే మూసేసి ఉండేవాళ్లం.

ఎలుక దాటిన గోడ మనిషి దాటలేదు

సూది గుచ్చకుండా రక్తం ద్వారానే మెదడును చేరే వాహకం ఉంటే ఈ ఇబ్బంది ఉండదు. 2009లో ఏఏవీ9 అనే రకం ఆ అడ్డుగోడను కొంతవరకు దాటుతుందని ఎలుకల్లో తేలింది. దాని ఆధారంగా వచ్చినదే జోల్‌జెన్‌స్మా. వెన్నెముక కండర క్షీణత అనే జబ్బుతో పుట్టిన పసిపిల్లలకు ఇచ్చే మందు ఇది. 2019లో అమెరికాలో ఆమోదం పొందింది. మన దేశంలో దాని ధర దాదాపు 16 కోట్ల రూపాయలని, తల్లిదండ్రులు ఊరూరా విరాళాలు అడుగుతున్నారని మీరు వార్తల్లో చూసే ఉంటారు.

పసిబిడ్డ బరువుకు సరిపోయే మోతాదు వేరు, 70 ఏళ్ల మనిషికి కావలసిన మోతాదు వేరు. మోతాదు పెరిగితే కాలేయానికి ముప్పు పెరుగుతుంది. పైగా వయసు వచ్చేసరికి చాలామందికి ఏఏవీలు ఏదో ఒకప్పుడు సోకి, వాటిపై ప్రతిరక్షకాలు తయారై ఉంటాయి. అవి వాహకాన్ని దారిలోనే పట్టేస్తాయి.

2016లో అమెరికాలోని కాల్‌టెక్‌లో బెన్ డెవర్‌మన్, వివియానా గ్రాడినారు బృందం పీహెచ్‌పీ.బి అనే కొత్త ఏఏవీని తయారు చేసింది. ఎలుక మెదడుకు ఏఏవీ9 కంటే 40 రెట్లు సమర్థంగా చేరింది. అందరూ సంబరపడ్డారు. తర్వాత వేరే జాతి ఎలుకల్లో, కోతుల్లో ప్రయత్నిస్తే ఆ ప్రభావం కనిపించలేదు. కారణం 2019లో తెలిసింది. ఆ వాహకం గోడ దాటడానికి ఎలుక రక్తనాళాల మీదున్న ఎల్‌వై6ఏ అనే ప్రోటీన్‌ను మెట్టుగా వాడుకుంటోంది. కొన్ని జాతుల ఎలుకల్లో ఆ మెట్టు సరిగా లేదు. మనుషుల్లో అసలే లేదు.

ఆ ఎదురుదెబ్బ వృథా కాలేదు. మెట్టు ఏదో తెలిశాక, మనిషి రక్తనాళాల మీద ఉండే మెట్టునే ఎంచుకుని వాహకాన్ని మలచవచ్చు కదా. మెదడుకు ఇనుమును చేర్చే ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకం అలాంటిది. దాన్ని పట్టుకునే ఏఏవీని డెవర్‌మన్ బృందం 2024లో ప్రకటించింది. మనిషి గ్రాహకాన్ని పెట్టిన ఎలుకల్లో అది పనిచేసింది. మనుషుల్లో ఇంకా చూడాలి.

ఇప్పుడు జరుగుతున్నవి

రెండు ప్రయత్నాల గురించి చెబుతాను. టుషిన్‌స్కీ బృందమే ఎన్‌జీఎఫ్‌కు చుట్టమైన బీడీఎన్ఎఫ్ అనే మరో ప్రోటీన్ జన్యువుతో 2021లో కొత్త ప్రయోగం ప్రకటించింది. జ్ఞాపకాలకు ద్వారంలాంటి ఎంటోరైనల్ కార్టెక్స్ అనే భాగానికి దీన్ని పంపుతారు. పాత పాఠం ఇక్కడ కనిపిస్తుంది. సరుకు ఎక్కడికి చేరుతోందో ఎంఆర్‌ఐలో చూస్తూ పంపుతారు. 12 మందికి చికిత్స అని ప్రణాళిక.

రెండోది ఏపీఓఈ జన్యువుకు సంబంధించినది. ఈ జన్యువు మనుషుల్లో ముఖ్యంగా మూడు రూపాల్లో ఉంటుంది. 4వ రూపం ఉన్నవాళ్లకు అల్జీమర్స్ ముప్పు ఎక్కువని 1993లో తేలింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే రూపం వస్తే ముప్పు ఇంకా ఎక్కువ. 2వ రూపం ఉన్నవాళ్లకు ముప్పు తక్కువ. ఆశ్చర్యమేమిటంటే 299 అమైనో ఆమ్లాల ఈ ప్రోటీన్‌లో 2వ రూపానికీ 4వ రూపానికీ తేడా రెండే రెండు చోట్ల. న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో రోనాల్డ్ క్రిస్టల్ బృందం, రెండు వైపుల నుంచీ 4వ రూపమే వచ్చిన రోగులకు ఏఏవీ ద్వారా 2వ రూపం జన్యువును వెన్నుద్రవంలోకి పంపే ప్రయోగం మొదలుపెట్టింది. 15 మందికి ఇచ్చారు. వెన్నుద్రవంలో మేలు చేసే రూపం కనిపించిందని, చాలామందిలో టౌ సూచికలు తగ్గాయని 2024లో ప్రకటించారు. ఆశ కలిగించే మాటే. కానీ ఇది చిన్న ప్రయోగం, పోల్చడానికి వేరే బృందం లేదు. జ్ఞాపకశక్తి నిలిచిందా లేదా అన్నది పెద్ద ప్రయోగాలే తేల్చాలి.

మనకు దగ్గర్లో

ఇదంతా అమెరికా సంగతేనా అంటే, కాదు. రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రికి మన వాళ్లు ఎంతోమంది వెళ్తుంటారు. అక్కడ హీమోఫీలియా రోగులు ఐదుగురికి లెంటీవైరస్ వాహకంతో జన్యు చికిత్స చేశారు. వాళ్ల సొంత రక్త మూలకణాల్లోనే రక్తం గడ్డకట్టించే జన్యువును పెట్టి తిరిగి ఎక్కించారు. రక్తస్రావాలు ఆగాయని 2024 డిసెంబరులో ప్రచురించారు. జబ్బు వేరు, కానీ వాహకాన్ని నడిపించే విద్య మన దగ్గర ఉందని దీనితో తెలుస్తుంది.

మరొకటి కోలారు జిల్లా శ్రీనివాసపురలో జరుగుతోంది. మామిడి తోటలకు పేరున్న ఆ తాలూకాలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన మెదడు పరిశోధన కేంద్రం అక్కడి పల్లెల్లో 45 ఏళ్లు దాటినవాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తోంది. పదివేల మందిని చేర్చుకోవాలన్నది లక్ష్యం. జ్ఞాపకశక్తి పరీక్షలు, రక్త పరీక్షలు, జన్యువుల వివరాలు సేకరిస్తున్నారు. అల్జీమర్స్ జన్యువుల గురించి మనకు తెలిసినదానిలో ఎక్కువ భాగం ఐరోపా మూలాలున్న జనాల నుంచి వచ్చింది. రేపు ఏపీఓఈ చికిత్స లాంటిది వస్తే మనవాళ్లలో అది ఎవరికి పనికొస్తుందో తెలియాలంటే ఇలాంటి లెక్కలు ముందే ఉండాలి.

వార్త వచ్చినప్పుడు

ఇంటికి వార్త వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు వేయండి. ఎలుకల్లోనా, మనుషుల్లోనా? మనుషుల్లో అయితే ఎంతమంది, పోల్చడానికి మరో బృందం ఉందా? మెరుగుపడింది రక్తంలో, ద్రవంలో కనిపించే సూచికలా, లేక మనిషి రోజువారీ జీవితమా? సరుకు చేరాల్సిన చోటికి చేరిందని ఎవరైనా చూశారా? ఈ నాలుగింటికీ జవాబు లేకుండా డబ్బు కట్టమని ఎవరైనా అడిగితే, అక్కడికి వెళ్లొద్దని ఇంట్లో చెప్పండి. నిజమైన ప్రయోగాల్లో ప్రయోగ మందుకు రోగి నుంచి మామూలుగా డబ్బు తీసుకోరు.

ఇంకో మాట. అవ్వ మరిచిపోతోంది కాబట్టి అల్జీమర్సే అనుకుని ఊరుకోకండి. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ లోపం, కుంగుబాటు, కొన్ని మందుల వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వీటిలో చాలావరకు సరిచేయగలిగినవే. ముందు డాక్టరుకు చూపించాలి.

తరగతిలో చేయండి

ఒక అమైనో ఆమ్లానికి మూడు డీఎన్‌ఏ అక్షరాలు కావాలి. కణం మొదట తయారు చేసే గొలుసులో ఎన్‌జీఎఫ్‌కు 241, బీడీఎన్ఎఫ్‌కు 247, ఏపీఓఈకి 317 అమైనో ఆమ్లాలు ఉంటాయి. రీలిన్ అనే మరో ప్రోటీన్‌కు 3,460. చిన్న వయసులోనే అల్జీమర్స్ వచ్చే ఒక కొలంబియా వంశంలో, జబ్బు జన్యువు ఉన్నా 67 ఏళ్ల వరకు బాగున్న ఒక వ్యక్తిలో రీలిన్ జన్యువు మార్పు కనిపించిందని 2023లో వెల్లడైంది. అందుకే దానిపై ఆసక్తి. ఈ నాలుగింటికీ ఎన్ని డీఎన్‌ఏ అక్షరాలు కావాలో లెక్కకట్టండి. 4,700 అక్షరాల పెట్టెలో ఏవి పడతాయి, ఏది పట్టదు? స్విచ్‌కు కూడా చోటు కావాలని మరవకండి. పట్టనిదాన్ని ఎలా పంపవచ్చో మీకు తోచిన ఉపాయం రాసి తీసుకురండి. దాని గురించి పరిశోధకులు కూడా ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నారు.